వెస్టిండీస్ మహిళల జట్టు పర్యటన, 2016: మూలపాడు సిరీస్

వెస్టిండీస్ మహిళల క్రికెట్ జట్టు 2016 నవంబరులో భారత్‌కు వచ్చి మూడు వన్డేలు, మూడు టీ20లు ఆడింది. ఆరు మ్యాచ్‌లూ విజయవాడ శివారులోని మూలపాడులో ఒకే మైదానంలో జరిగాయి. నవంబరు 10న మొదలైన సిరీస్ 22న ముగిసింది. వన్డేలు మూడూ భారత్ గెలిచింది, టీ20లు మూడూ వెస్టిండీస్ గెలిచింది. రెండు వారాలు కూడా తిరగకుండా, అదే గడ్డ మీద, చాలావరకు అవే ముఖాలతో అటు మూడు, ఇటు మూడు. గెలుపోటముల లెక్కన చూస్తే సరిసమానమైన పర్యటన. పాయింట్ల పట్టిక తెరిచి చూస్తే మాత్రం భారత్ తాను గెలిచినంతా దక్కించుకోలేకపోయిన సిరీస్ ఇది. తెలుగు నేల మీద మహిళల అంతర్జాతీయ క్రికెట్‌కు అప్పట్లో ఉన్న స్థానం ఏమిటో కూడా దీన్ని చూస్తే తెలుస్తుంది.

పర్యటన ఎందుకు వచ్చింది

ఒక దేశపు జట్టు మరో దేశానికి వెళ్లి కొన్ని మ్యాచ్‌లు ఆడి రావడాన్ని ద్వైపాక్షిక సిరీస్ అంటారు. పురుషుల క్రికెట్‌లో ఇలాంటి సిరీస్‌లకు ఎన్నడూ కరువు లేదు. మహిళలకు అలా కాదు. భారత జట్టు నెలల తరబడి ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడకుండా గడిపిన రోజులున్నాయి. బోర్డులకు డబ్బు రాని పర్యటనలంటే ఎవరికీ తొందర ఉండదు. ఈ పరిస్థితిని కొంతైనా మార్చడానికే ఐసీసీ మహిళల ఛాంపియన్‌షిప్‌ను పెట్టింది. దాని మొదటి విడత 2014 నుంచి 2016 దాకా సాగింది. ఆస్ట్రేలియా, ఇంగ్లాండ్, న్యూజిలాండ్, వెస్టిండీస్, భారత్, దక్షిణాఫ్రికా, పాకిస్థాన్, శ్రీలంక అనే ఎనిమిది జట్లలో ప్రతి జట్టూ మిగతా ఏడింటితోనూ మూడేసి వన్డేలు ఆడాలి. గెలిస్తే రెండు పాయింట్లు. మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లు 2017 ప్రపంచకప్‌కు నేరుగా వెళ్తాయి. కింది నాలుగు జట్లు అర్హత టోర్నీ గండం గట్టెక్కాలి.

మూలపాడులో ఆడిన మూడు వన్డేలు ఈ ఛాంపియన్‌షిప్ లెక్కలోవే. టీ20లకు అలాంటి పాయింట్లు లేవు. అందుకని వన్డేల్లో మూడు విజయాలకూ టీ20ల్లో మూడు ఓటములకూ ఒకే బరువు లేదు. ఈ సంగతి గుర్తుంచుకోకపోతే సిరీస్ సగమే అర్థమవుతుంది.

మైదానం, ఆ రోజులు

మూలపాడు ఇబ్రహీంపట్నం మండలంలో, విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఊరు. అప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. వెనకాల కొండపల్లి అడవి, కొండలు. ఆంధ్ర క్రికెట్ సంఘం ఇక్కడ ఏర్పాటు చేసుకున్న మైదానానికి దేవినేని వెంకటరమణ ప్రణీత మైదానం అని పేరు. వేలాది మంది కూర్చునే గ్యాలరీలున్న స్టేడియం కాదిది, ఆట కోసం సిద్ధం చేసిన పచ్చని మైదానం, అంతే.

అదే నవంబరులో ఆంధ్ర క్రికెట్ సంఘానికి మరో పెద్ద పని పడింది. విశాఖపట్నం స్టేడియంలో మొట్టమొదటి టెస్టు మ్యాచ్, పురుషుల భారత్–ఇంగ్లాండ్ టెస్టు, నవంబరు 17న మొదలైంది. మరుసటి రోజే మూలపాడులో మహిళల తొలి టీ20. ఒకే సంఘం ఒకే వారంలో రెండు అంతర్జాతీయ జట్లకు ఆతిథ్యం ఇచ్చింది. పత్రికల మొదటి పేజీ ఎవరికి దక్కిందో చెప్పనక్కర్లేదు. విరాట్ కోహ్లీ 167 పరుగులు చేసిన టెస్టు అది. మూలపాడు వార్త ఆటల పేజీలో ఏదో మూలకు సరిపెట్టుకుంది.

ఇంకో విచిత్రం. నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. 9న బ్యాంకులు మూసేశారు, 10న తెరిచారు. తొలి వన్డే సరిగ్గా ఆ 10వ తేదీనే. దేశమంతా బ్యాంకుల ముందు వరుస కట్టిన రోజున ఒక ప్రపంచ స్థాయి సిరీస్ మొదలైందంటే ఎంతమంది గమనించి ఉంటారు?

వన్డేలు

రెండు జట్ల నేపథ్యం కొంచెం తెలుసుకోవాలి. స్టెఫానీ టేలర్ నాయకత్వంలో వచ్చిన వెస్టిండీస్ అప్పటికి టీ20 ప్రపంచ విజేత. ఏడు నెలల ముందు, ఏప్రిల్ 3న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన ఫైనల్లో ఆస్ట్రేలియాను 8 వికెట్ల తేడాతో ఓడించి కప్పు ఎత్తింది. ఆ ఫైనల్లో హేలీ మాథ్యూస్ 66, టేలర్ 59 పరుగులు చేశారు. ఈ ఇద్దరికి తోడు డియాండ్రా డాటిన్ ఉంది. 2010లో దక్షిణాఫ్రికా మీద 38 బంతుల్లో శతకం బాదిన బ్యాటర్ ఆమె. భారత వన్డే జట్టుకు మిథాలీ రాజ్ కెప్టెన్. సికింద్రాబాదులో పెరిగి, అక్కడే ఆట నేర్చుకుని, 1999లో ఐర్లాండ్ మీద ఆడిన మొదటి మ్యాచ్‌లోనే అజేయంగా 114 పరుగులు చేసిన మిథాలీకి తెలుగు నేల మీద ఇలా ఒక పూర్తి సిరీస్‌కు నాయకత్వం వహించే అవకాశం తరచుగా దొరికేది కాదు.

తొలి వన్డేలో వెస్టిండీస్ 131 పరుగులకే ఆలౌటైంది. లక్ష్యం చిన్నదే, అయినా భారత్ నాలుగు వికెట్లు పోగొట్టుకుంది. అక్కడి నుంచి మిథాలీ 46, వేద కృష్ణమూర్తి 52 పరుగులతో చివరిదాకా నిలబడి 6 వికెట్ల విజయం అందించారు. రెండో వన్డే 13న జరిగింది. వెస్టిండీస్ 50 ఓవర్లూ ఆడి 7 వికెట్లకు 153 దగ్గర ఆగింది. భారత్ ఐదు వికెట్లు చేతిలో ఉంచుకుని గెలిచింది, సిరీస్ ఖాయమైంది.

16న జరిగిన మూడో వన్డే ఒక్కటే నిజమైన పోటీ. ఈసారి ముందు బ్యాటింగ్ భారత్‌ది. వేద మళ్లీ నిలబడి 71 పరుగులు చేయడంతో జట్టు 6 వికెట్లకు 199కి చేరింది. కర్ణాటకలోని కడూరు నుంచి వచ్చిన వేదకు ఈ పర్యటన బాగా కలిసొచ్చింది. 199 పరుగులు గెలుపుకు హామీ ఇచ్చే స్కోరేమీ కాదు. కానీ బిజాపూరు నుంచి వచ్చిన ఎడమచేతి స్పిన్నర్ రాజేశ్వరి గైక్వాడ్ 4 వికెట్లు తీయడంతో వెస్టిండీస్ 184కు ఆలౌటైంది. 15 పరుగుల తేడాతో మ్యాచ్, దాంతో పాటు 3–0 క్లీన్‌స్వీప్, ఆరు పాయింట్లు భారత్‌వి.

మూడు మ్యాచ్‌ల్లోనూ ఒకే సూత్రం పనిచేసింది. బంతి పాతబడేకొద్దీ నెమ్మదిస్తే భారత స్పిన్నర్లకు అదే చాలు. వెస్టిండీస్ బ్యాటర్లు గాల్లోకి కొట్టి పరుగులు రాబట్టే రకం, సింగిల్స్ తీస్తూ యాభై ఓవర్లు గడపడం వాళ్లకు పడలేదు. ఇరవై ఓవర్ల ఆటకు వచ్చేసరికి ఇదే విషయం తిరగబడింది.

టీ20లు

టీ20లకు భారత కెప్టెన్ మారింది. మిథాలీ స్థానంలో హర్మన్‌ప్రీత్ కౌర్‌కు పగ్గాలిచ్చారు. ఆ మార్పు అప్పట్లో చిన్న వార్త. తర్వాత దాదాపు దశాబ్దం పాటు భారత మహిళల క్రికెట్ నడిచిన దారి మాత్రం ఆ నిర్ణయంతోనే మొదలైంది.

18న తొలి మ్యాచ్‌లో భారత్ 4 వికెట్లకు 150 పరుగులు చేసింది. కొత్త కెప్టెన్ 68 పరుగులతో ముందుండి నడిపింది. ఆ రోజుల్లో మహిళల టీ20లో 150 అంటే గట్టి స్కోరే. టేలర్ బ్యాట్ ముందు అది చాలలేదు, వెస్టిండీస్ 6 వికెట్ల తేడాతో గెలిచింది. 20న రెండో మ్యాచ్‌లో భారత్ 31 పరుగులతో ఓడింది.

22న ఆడిన ఆఖరి మ్యాచ్‌ను కాస్త దగ్గరగా చూడాలి. వెస్టిండీస్ 3 వికెట్లకు 139 చేసింది. బదులుగా భారత్ 20 ఓవర్లలో 124 పరుగులు చేసింది, అదీ మూడే వికెట్లు కోల్పోయి. హర్మన్‌ప్రీత్ అర్ధశతకం దాటి నాటౌట్‌గా మిగిలింది. చేతిలో ఏడు వికెట్లున్న జట్టు 15 పరుగుల తేడాతో ఓడిపోయింది! బ్యాటింగ్ కూలిపోయి ఓడిన మ్యాచ్ కాదు, పరుగుల వేగం అందుకోలేక ఓడిన మ్యాచ్. అప్పటి భారత మహిళల టీ20 ఆటలో జబ్బు ఏమిటో ఈ ఒక్క స్కోరు చెప్పేస్తుంది. వికెట్ కాపాడుకోవడం వన్డేలో గుణం, టీ20లో అదే భారం. ఆరు రోజుల కిందట మూడో వన్డేలో గెలిచిందీ 15 పరుగులతోనే, ఇప్పుడు ఓడిందీ 15 పరుగులతోనే.

కాగితం మీద పోయిన పాయింట్లు

ఆఖరి టీ20 ముగిసిన మర్నాడు, నవంబరు 23న, ఐసీసీ సాంకేతిక కమిటీ నిర్ణయం వెలువడింది. ఛాంపియన్‌షిప్‌లో భాగంగా 2016 ఆగస్టు 1 నుంచి అక్టోబరు 31 లోపు భారత్ పాకిస్థాన్‌తో మూడు వన్డేలు ఆడాల్సి ఉంది. ఆడలేదు. ప్రభుత్వ అనుమతి లేనిదే పాకిస్థాన్‌తో ఆడలేమన్నది బీసీసీఐ వాదన. కమిటీ దాన్ని తగిన కారణంగా ఒప్పుకోలేదు. మూడు మ్యాచ్‌ల పాయింట్లూ, అంటే మొత్తం ఆరు, పాకిస్థాన్ ఖాతాలో వేసింది. పైగా ఒక్కో మ్యాచ్‌లో భారత్ 50 ఓవర్లు ఆడి సున్నా పరుగులు చేసినట్టు లెక్కగట్టి నికర రన్‌రేట్‌ను సవరించింది.

మూలపాడులో మూడు వన్డేలు చెమటోడ్చి ఆడితే వచ్చినవి ఆరు పాయింట్లు. బంతి పడని మూడు మ్యాచ్‌ల్లో చేజారినవీ ఆరే. ఇందులో క్రీడాకారిణుల తప్పు ఇసుమంత లేదు. రెండు దేశాల మధ్య రాజకీయాలకు పురుషుల జట్టు సిరీస్‌లు రద్దయితే పోయేది ఆదాయం, మహిళల జట్టుకు పోయింది నేరుగా దక్కాల్సిన ప్రపంచకప్ బెర్తు. భారత్ పట్టికలో ఐదో స్థానంలో ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఇంగ్లాండ్, న్యూజిలాండ్‌లతో పాటు నేరుగా వెళ్లిన నాలుగో జట్టు ఏదంటే, మూలపాడులో 0–3తో ఓడిన వెస్టిండీస్.

ఆ తర్వాత జరిగింది క్రికెట్ అభిమానులకు తెలిసిందే. 2017 ఫిబ్రవరిలో కొలంబోలో అర్హత టోర్నీ ఆడి భారత్ ఫైనల్ చేరింది. 21న దక్షిణాఫ్రికాతో జరిగిన ఆ ఫైనల్లో లక్ష్యం 245. గాయంతో మిథాలీ ఆడలేదు. ఆఖరి రెండు బంతుల్లో 8 పరుగులు కావాల్సి వచ్చింది, తొమ్మిది వికెట్లు పడ్డాయి. హర్మన్‌ప్రీత్ ఒక సిక్సర్ కొట్టింది, చివరి బంతికి పరుగెత్తి రెండు తీసింది. ఒక్క వికెట్ తేడాతో గెలుపు. జూన్‌లో ఇంగ్లాండ్‌లో మొదలైన ప్రపంచకప్‌లో ఇదే వెస్టిండీస్ టాంటన్‌లో ఎదురైతే స్మృతి మంధాన అజేయంగా 106 పరుగులు చేసి 7 వికెట్లతో గెలిపించింది. జులై 23న లార్డ్స్ ఫైనల్లో భారత్ 9 పరుగుల తేడాతో ఇంగ్లాండ్ చేతిలో ఓడింది. మహిళల క్రికెట్‌ను దేశం ఇంటింటా టీవీలో చూసిన మొదటి సందర్భం అదే. మూలపాడు మైదానంలో ఎనిమిది నెలల ముందు దాదాపు ఎవరూ పట్టించుకోకుండా ఆడిన అమ్మాయిలే వాళ్లు.

అంతకు ముందు తెలుగు నేల మీద

వెస్టిండీస్ మహిళలకు భారత్ కొత్త కాదు. భారత మహిళల జట్టు టెస్టు క్రికెట్‌లో అడుగుపెట్టిందే 1976లో పర్యటనకు వచ్చిన వెస్టిండీస్‌తో. శాంతా రంగస్వామి కెప్టెన్‌గా ఆరు టెస్టులు ఆడారు. అందులో ఒకటి మద్రాసులో జరిగింది. ఆ పర్యటనలో పరిమిత ఓవర్ల మ్యాచ్‌లు లేవు. భారత మహిళలు మొదటి వన్డే ఆడింది 1978 జనవరి 1న, కోల్‌కతాలో, ప్రపంచకప్ మ్యాచ్‌గా.

ఆ 1978 ప్రపంచకప్ గురించి తెలుగువాళ్లు చెప్పుకోవలసిన ముచ్చట ఒకటుంది. ఆడింది నాలుగే జట్లు. ఫైనల్ అంటూ వేరే లేదు, అందరితో అందరూ ఒక్కోసారి ఆడాలి, ఎక్కువ గెలిచినవాళ్లదే కప్పు. చివరికి తేల్చుకోవలసింది ఆస్ట్రేలియా, ఇంగ్లాండ్. ఆ మ్యాచ్ జనవరి 13న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో జరిగింది. ఇంగ్లాండ్ 8 వికెట్లకు 96 పరుగులే చేయగలిగింది. ఆస్ట్రేలియా రెండే వికెట్లు పోగొట్టుకుని లక్ష్యం దాటేసి ప్రపంచ విజేత అయింది. ఆస్ట్రేలియా మహిళలు గెలిచిన మొట్టమొదటి ప్రపంచకప్ అది. ఆ తర్వాత వాళ్లు గెలుచుకున్న కప్పుల వరస అందరికీ తెలుసు. దాని మొదటి మెట్టు హైదరాబాదు నడిబొడ్డున, ఆ స్టేడియం ఉన్న ఫతే మైదాన్‌లో ఉందన్న సంగతి మాత్రం హైదరాబాదీల్లోనే చాలామందికి తెలియదు.

1997 ప్రపంచకప్‌కు మళ్లీ భారతే ఆతిథ్యం. డిసెంబరు 12న విజయవాడలో ఇంగ్లాండ్ పాకిస్థాన్ మీద 2 వికెట్లకు 376 పరుగులు చేసింది. రెండు రోజులకే, 14న హైదరాబాదులో ఆస్ట్రేలియా అదే పాకిస్థాన్‌ను 27 పరుగులకు ఆలౌట్ చేసింది. పాకిస్థాన్ మహిళలు అంతర్జాతీయ క్రికెట్‌లోకి వచ్చి ఏడాది కూడా నిండలేదు. షైజా ఖాన్, షర్మీన్ ఖాన్ అనే అక్కచెల్లెళ్లు పట్టుబట్టి, ఎదురుగాలిలో నిలబెట్టిన జట్టు అది. ఆ స్కోర్లు చూసి నవ్వుకునే ముందు ఈ మాట గుర్తు చేసుకోవడం న్యాయం.

ద్వైపాక్షిక పర్యటనల విషయానికొస్తే, 2012 మార్చిలో ఆస్ట్రేలియా మహిళలు విశాఖపట్నంలో టీ20లు ఆడారు. 2014 జనవరిలో శ్రీలంక మహిళలు వచ్చినప్పుడు మూడు వన్డేలు విశాఖలో, టీ20లు విజయనగరం, విశాఖల్లో జరిగాయి. ఆ వన్డేలను భారత్ 3–0తో గెలిచింది. వీటి తర్వాత వచ్చిందే మూలపాడు. అన్నీ కోస్తాలోనివే.

రాయలసీమ వైపు నుంచి చూస్తే

చిత్తూరు జిల్లా కార్వేటినగరంలో ఉండే క్రికెట్ అభిమానికి విశాఖ స్టేడియం ఏడు వందల కిలోమీటర్ల పైమాటే. మూలపాడు అంతకన్నా దగ్గరే గానీ అదీ రాత్రి ప్రయాణమే. వేణుగోపాలస్వామి గుడి దగ్గర బస్సెక్కి పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా పోతే వంద కిలోమీటర్లు దాటాక చెన్నై చేపాక్ స్టేడియం వచ్చేస్తుంది. దక్షిణ రాయలసీమలో ఈ భాగానికి క్రికెట్ రాజధాని ఎప్పుడూ చెన్నైయే, రాష్ట్రం ఏదైనా సరే. సినిమాకూ ఆసుపత్రికీ పట్టు చీరలకూ వెళ్లే దారే మ్యాచ్‌కూ దారి.

ఆ చేపాక్‌లోనే 2024లో ఈ ప్రాంతానికి దగ్గర్లో ఒక మహిళల సిరీస్ జరిగింది. దక్షిణాఫ్రికా జట్టు జూన్‌లో బెంగళూరులో మూడు వన్డేలు ఆడి 0–3తో ఓడి, చెన్నైలో ఒక టెస్టు, మూడు టీ20లు ఆడింది. బెంగళూరు రెండో వన్డేలో నాలుగు శతకాలు నమోదయ్యాయి. స్మృతి, హర్మన్‌ప్రీత్ కొడితే భారత్ 325 చేసింది. లారా వోల్వార్ట్, మరిజాన్ కాప్ కొడితే దక్షిణాఫ్రికా 321 దాకా వచ్చి నాలుగు పరుగుల దూరంలో ఆగింది. చెన్నై టీ20ల్లో మొదటిది జులై 5న దక్షిణాఫ్రికా గెలిచింది, రెండోది వాన పాలైంది. 9న జరిగిన మూడోదాంట్లో పూజా వస్త్రాకర్ 13 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. దక్షిణాఫ్రికా 84కే కుప్పకూలింది, భారత్ ఒక్క వికెట్టూ పోకుండా 11 ఓవర్ల లోపే ముగించింది. సిరీస్ 1–1.

సీమలో మ్యాచ్‌లు లేవన్నది ఒక సంగతి. సీమ నుంచి ఆడేవాళ్లు రావడం మరో సంగతి, అది ఈ మధ్యే మొదలైంది. ఆంధ్ర క్రికెట్ సంఘం రాష్ట్రాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ మండలాలుగా విభజించి జట్లను ఎంపిక చేస్తుంది. పాత చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు జిల్లాలు నెల్లూరుతో కలిసి దక్షిణ మండలం కింద ఉంటాయి. ఒక పల్లెటూరి పిల్ల జిల్లా జట్టు, మండలం జట్టు, రాష్ట్ర జట్టు అనే మెట్లెక్కి రావాలి. సంక్రాంతి సెలవుల్లో టెన్నిస్ బంతి టోర్నమెంటు లేని పల్లె సీమలో దాదాపు ఉండదు. వాటిలో అమ్మాయిల జట్టు కనబడటం మాత్రం అరుదు. కాబట్టి పైమెట్టుకు చేరినవాళ్ల కథలో మొదటి మెట్టే అన్నిటికన్నా ఎత్తైంది.

2022 డిసెంబరు 9న నవీ ముంబైలో ఆస్ట్రేలియాతో జరిగిన టీ20లో ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి భారత జెర్సీ వేసుకుంది. ఎడమచేతి ఫాస్ట్ బౌలర్. 2023 జులై 9న మీర్పూర్‌లో బంగ్లాదేశ్‌తో జరిగిన టీ20లో అనంతపురం జిల్లాకు చెందిన ఎడమచేతి స్పిన్నర్ బారెడ్డి అనూష అరంగేట్రం చేసింది. ఇద్దరికీ తలుపు తెరిచింది పరిమిత ఓవర్ల ద్వైపాక్షిక సిరీసే. ప్రపంచకప్‌లో కొత్తవాళ్లను పరీక్షించే సాహసం సెలక్టర్లు చేయరు. పర్యటనలుంటేనే కొత్తవాళ్లకు చోటు, పర్యటనలు లేని కాలంలో ఎందరు ఇంటి దగ్గరే ఆగిపోయారో లెక్క లేదు.

మూడో పేరు కడప జిల్లా ఎర్రమల్లె గ్రామానికి చెందిన నల్లపురెడ్డి శ్రీచరణిది. చిన్నప్పుడు పరుగు పందేలు, ఖోఖో, బ్యాడ్మింటన్ ఆడిన పిల్ల, క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారేళ్లకు. వాళ్ల నాన్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. 2025 ఏప్రిల్ 27న కొలంబోలో శ్రీలంక మీద తొలి వన్డే ఆడింది. రెండు నెలలకు భారత జట్టు ఐదు టీ20లు, మూడు వన్డేల కోసం ఇంగ్లాండ్ పర్యటనకు వెళ్లింది. జూన్ 28న నాటింగ్‌హామ్ ట్రెంట్ బ్రిడ్జ్‌లో శ్రీచరణికి తొలి టీ20. స్మృతి 112 పరుగులతో భారత్ 210 కొట్టింది. ఆ తర్వాత బంతి అందుకున్న శ్రీచరణి 3.5 ఓవర్లలో 12 పరుగులే ఇచ్చి 4 వికెట్లు తీసింది. ఇంగ్లాండ్ 113కు ఆలౌటైంది. ఎడమచేతి స్పిన్నర్ బంతిని కాస్త గాల్లోకి ఎగరేసి, వేగం తగ్గించి, ముందుకొచ్చి కొట్టమని ఊరించడం పాత విద్యే. దాన్ని మొదటి మ్యాచ్‌లోనే ఇంగ్లాండ్ బ్యాటర్ల మీద అంత ధైర్యంగా ప్రయోగించడమే విశేషం. భారత్ ఆ టీ20 సిరీస్‌ను 3–2తో గెలిచింది. పది వికెట్లు తీసిన శ్రీచరణి సిరీస్ ఉత్తమ క్రీడాకారిణి. వన్డేలు కూడా 2–1తో భారత్‌వే అయ్యాయి.

విశాఖ, 2025

మూలపాడు తర్వాత తొమ్మిదేళ్లకు, 2025 అక్టోబరులో, ఆంధ్రప్రదేశ్‌కు మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు వచ్చాయి. ఈసారి శివారు మైదానానికి కాదు, విశాఖ పెద్ద స్టేడియానికి. ఐదు మ్యాచ్‌లు, అందులో రెండు భారత్‌వి. 9న దక్షిణాఫ్రికాతో భారత్ 251 చేస్తే నాడిన్ డి క్లెర్క్ అజేయంగా 84 కొట్టి మ్యాచ్ లాగేసుకుంది. 12న ఆస్ట్రేలియా మీద భారత్ 330 చేసింది. అలీసా హీలీ 142తో విరుచుకుపడితే ఆస్ట్రేలియా 331 కొట్టి గెలిచింది, మహిళల వన్డేల్లో అప్పటికి అదే అతిపెద్ద ఛేదన. అంతటి పరుగుల వరదలోనూ శ్రీచరణి 41 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది.

విశాఖ రికార్డు ఎక్కువ కాలం నిలవలేదు. అక్టోబరు 30న నవీ ముంబై సెమీఫైనల్లో అదే ఆస్ట్రేలియా 338 చేస్తే జెమీమా రోడ్రిగ్స్ అజేయంగా 127 కొట్టి భారత్‌ను గెలిపించింది. నవంబరు 2న ఫైనల్లో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి భారత మహిళలు తొలిసారి ప్రపంచకప్ అందుకున్నారు. కెప్టెన్ హర్మన్‌ప్రీత్, మూలపాడులో టీ20లకు పగ్గాలు పట్టి మూడూ ఓడిన ఆ హర్మన్‌ప్రీతే. టోర్నీలో 14 వికెట్లు తీసిన శ్రీచరణికి రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్ల రూపాయలు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో ఇంటి స్థలం ప్రకటించింది.

విశాఖలో ఆస్ట్రేలియా మ్యాచ్‌కు ముందు స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు రావి కల్పన పేరు పెట్టారు. కృష్ణా జిల్లాకు చెందిన కల్పన వికెట్‌కీపర్, 2015లో న్యూజిలాండ్ మీద తొలి వన్డే ఆడింది. ఆటో డ్రైవర్ కూతురు. స్టేడియాలకు రాజకీయ నాయకుల పేర్లే అలవాటైన రాష్ట్రంలో, ఆడిన అమ్మాయిల పేర్లు గోడకెక్కడానికి ఇంతకాలం పట్టింది.

ప్రపంచకప్ గెలిచాక భారత జట్టు ఆడిన మొదటి సిరీస్ కూడా విశాఖలోనే మొదలైంది. ఐదు టీ20లకు వచ్చిన శ్రీలంక మహిళలు డిసెంబరు 21, 23 తేదీల్లో ఇక్కడ రెండు, మిగతా మూడు తిరువనంతపురంలో ఆడారు. విశాఖలో మొదటి మ్యాచ్‌ను జెమీమా 69 పరుగులతో, రెండోదాన్ని షెఫాలీ వర్మ మళ్లీ సరిగ్గా 69తో ముగించారు. ఇద్దరూ నాటౌట్. రెండో మ్యాచ్‌లో 129 లక్ష్యాన్ని భారత్ 12 ఓవర్లయినా పూర్తిగా వాడుకోకుండా కొట్టేసింది. సిరీస్ 5–0.